గట్టి రాయి ఉన్న దేశంలో కాంక్రీటు కమానులు ఎందుకు తక్కువ?

నయాగరా జలపాతానికి దిగువన నది కోసుకుపోయిన గండిని కెనడా, అమెరికాల మధ్య రెండు పెద్ద ఆర్చి వంతెనలు దాటుతాయి. 1941 నవంబరు 1న తెరిచిన రెయిన్‌బో వంతెన స్పాన్ 290 మీటర్లు. ఇంకా దిగువన 1962 నవంబరు 1న తెరిచిన లూయిస్టన్–క్వీన్‌స్టన్ వంతెన స్పాన్ 305 మీటర్లు. నీటి మీద దాని ఎత్తు 110 మీటర్ల పైమాటే. రెండూ ఉక్కుతో కట్టినవే. 1964లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో గ్లేడ్స్‌విల్ వంతెన తెరిచారు. దాని స్పాన్ కూడా 305 మీటర్లే, కానీ అది కాంక్రీటు వంతెన.

అంటే అరవైల మొదట్లోనే, ఒకే స్పాన్‌కు ఒకే ఆకారంలో, ఉక్కూ కాంక్రీటూ రెండూ సాధ్యమేనని తేలిపోయింది. రాతి గట్లున్న లోయలకు కెనడాలో కొదవ లేదు. సిమెంటు ఉంది, ఇంజనీర్లున్నారు. అయినా ఆ దేశంలో పేరున్న కాంక్రీటు కమానులు పట్టణాల్లో, ఒక మోస్తరు ఎత్తు గట్ల మధ్య ఉన్నాయి. లోతైన గండుల మీద ఉక్కుదే పైచేయి. కారణం కమాను బలంలో ఉందా, కట్టే పద్ధతిలో ఉందా, చలిలో ఉందా? ఈ మూడింటినీ విడివిడిగా తూచి చూడాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను: నిలబడ్డ కమాను మీద మనం పెట్టుకునే అనుమానాల్లో చాలావాటికి ఆధారం లేదు. కష్టమంతా అది నిలబడక ముందు ఉంటుంది, లేదా దాని నెత్తిన ఉన్న రోడ్డులో ఉంటుంది.

తోపు ఎటు పోతుంది

కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడుకు లొంగిపోతుంది. దాని లాగుడు బలం నొక్కుడు బలంలో పదో వంతు మాత్రమే. సాదా దూలం మీద బరువు పెడితే అడుగు భాగం సాగుతుంది. కమాను మీద పెడితే ఆ బరువు ఒళ్లంతా నొక్కుడుగా మారి రెండు చివరలకూ పోతుంది. అందుకే ఈ పదార్థానికి ఈ ఆకారం అంతగా నప్పుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. స్పాన్ 300 మీటర్లు, కమాను ఎత్తు 60 మీటర్లు, తన బరువూ రోడ్డు బరువూ కలిసి మీటరుకు 20 టన్నులు సమంగా పడుతున్నాయనుకుందాం. 20ని 300 వర్గంతో గుణించి, ఆ వచ్చినదాన్ని 8×60తో భాగిస్తే ఒక్కో చివర పక్కకు తోసే బలం వస్తుంది: 3,750 టన్నులు. కమానును చదును చేసి ఎత్తు 30 మీటర్లకు దించితే ఆ తోపు రెట్టింపై 7,500 టన్నులవుతుంది. లోతైన గండి కమానుకు ఇచ్చే వరం ఇదే. ఎత్తుగా వంగడానికి చోటు ఉంటుంది, తోపు తగ్గుతుంది.

బరువు ఎక్కువ కావడం కాంక్రీటుకు లోపమంటారు గానీ, కమానులో అది కొంతవరకు మేలే చేస్తుంది. పెద్ద కాంక్రీటు కమాను మోసే బరువులో సింహభాగం దానిదే. ఆ శాశ్వతమైన బరువుకు సరిపోయేలా వంపు గీస్తే, పైన లారీలు ఒక పక్కకే చేరినా తోపు నడిచే దారి పెద్దగా జరగదు. తేలికైన ఉక్కు కమానులో వాహనాల వాటా ఎక్కువ కనుక వంచే బలాలూ ఎక్కువ.

ఆ వేల టన్నుల తోపును ఎవరో ఒకరు పట్టుకోవాలి. గండిలో ఆ పని కొండది. రాజమండ్రి దగ్గర గోదావరిలో అలాంటి కొండ లేదు, అడుగున ఇసుక. అందుకే 1997లో రైళ్లు ఎక్కిన అక్కడి కాంక్రీటు ఆర్చి బ్రిడ్జిలో, 97.5 మీటర్ల చొప్పున ఉన్న 28 స్పాన్లలో ప్రతి కమానుకూ దాని రెండు చివరలను కలుపుతూ కింద ప్రీస్ట్రెస్ చేసిన దూలం ఉంది. వింటికి నారి ఎలాగో కమానుకు అది అలాగ. తోపు అందులోనే ఆగిపోతుంది, పునాదులకు నిలువు బరువే చేరుతుంది. మన తెలుగు పాఠకులకు కాంక్రీటు ఆర్చి అనగానే కళ్ల ముందు మెదిలేది ఈ వంతెనే కనుక తేడా గుర్తుంచుకోవాలి: గోదావరి కమాను తన తోపు తానే భరిస్తుంది, గండి కమాను దాన్ని కొండకు అప్పగిస్తుంది.

కొండకు అప్పగించాలంటే కొండ గురించి తెలియాలి. నయాగరా గండి గోడల పైభాగం గట్టి డోలొస్టోన్, దాని కింద మెత్తటి షేల్ పొరలు. షేల్ అరిగి రాలిపోతే పైరాయి ఆధారం తప్పి విరిగిపడుతుంది. జలపాతం వేల ఏళ్లుగా వెనక్కి జరుగుతూ వచ్చింది ఈ కారణంగానే. ఇలాంటి గోడలో ఏ పొర మీద ఆనాలన్నది కమాను రూపురేఖలనే మార్చేస్తుంది. రాతిని చదవడం ఎంత పెద్ద పనో చూడాలంటే చీనాబ్ దగ్గరకు రావాలి. 2025 జూన్ 6న ప్రారంభమైన ఆ రైలు వంతెన నది మీద 359 మీటర్ల ఎత్తున, 467 మీటర్ల ఉక్కు కమానుతో నిలిచింది. చీలికలతో నిండిన అక్కడి కొండవాలును పునాదికి సిద్ధం చేసే పనిలో ఏళ్ల తరబడి సలహాదారుగా ఉన్నది ప్రకాశం జిల్లాకు చెందిన ఆచార్య మాధవీలత. కమాను ఫోటోల్లో కనిపించని భాగం అది. నా దృష్టిలో అసలు వంతెన అక్కడే మొదలవుతుంది.

పునాది ఎంత ఎత్తున పెట్టాలన్న పాఠం నయాగరా నేర్చుకుంది మంచు చేతిలో. రెయిన్‌బోకు ముందు అక్కడ హనీమూన్ వంతెన అని జనం పిలుచుకున్న ఉక్కు కమాను ఉండేది. దాని ఆనుగోడలు నీటికి దగ్గరగా ఉండేవి. 1938 జనవరిలో ఈరీ సరస్సు నుంచి కొట్టుకొచ్చిన మంచు గండిలో గుట్టలుగా పేరుకుని కమాను మొదళ్లను నెట్టేసింది. 27న వంతెన మొత్తం కూలి నది మంచు మీద పడింది. రెయిన్‌బో కట్టినప్పుడు ఆనుగోడలను బాగా పైకి జరిపారు. అయితే మొదళ్లను పైకి జరిపితే కమాను వంగే ఎత్తు తగ్గుతుంది, తోపు పెరుగుతుంది. మంచుకు భయపడి పైకి జరిపిన ప్రతి మీటరుకూ రాయి బాకీ కట్టాలి.

కలిసేదాకా అది కమాను కాదు

కమానులో విచిత్రం ఏమిటంటే, పూర్తయ్యాక అంత నిబ్బరంగా నిలిచేది, చివరి ముక్క పడేదాకా తనంతట తాను నిలబడలేదు. రెండు సగాలు నడిమిట్ట దగ్గర కలిసేవరకు దాన్ని మరొకటేదో మోయాలి. ఇంటి స్లాబుకు సెంట్రింగ్ కొట్టినట్టే దీనికీ కొట్టాలి. కానీ వంద మీటర్ల లోతు, కింద ఉరకలేసే నీరు, శీతాకాలం మంచు గడ్డలు ఉన్నచోట ఆ కర్రలు దేని మీద నిలుస్తాయి?

ఈ ప్రశ్నకు వందేళ్లలో వచ్చిన జవాబులే కాంక్రీటు కమాను చరిత్ర. స్విట్జర్లాండులో రాబర్ట్ మయ్యార్ 1930లో పూర్తి చేసిన సాల్గినాటోబెల్ వంతెనకు రిచర్డ్ కోరే లోయ అడుగు నుంచి కలపతో అద్భుతమైన పరంజా కట్టాడు. అదే ఏడు ఫ్రాన్సులో ప్లుగాస్టెల్ దగ్గర యూజీన్ ఫ్రేసినే ఒక్కటే పెద్ద కలప సెంట్రింగ్ చేయించి, నీటి మీద తేలించి, 186 మీటర్ల స్పాన్లు మూడింటికీ దాన్నే వాడాడు. అంతకు చాలా ముందు లె వ్యూర్ద్ర వంతెన కమానులు కట్టిన కొన్ని నెలలకే కుంగడం చూసి, నడిమిట్ట దగ్గర జాకీలు పెట్టి లేపిందీ ఆయనే. బరువు కింద కాంక్రీటు నెమ్మదిగా, ఏళ్ల తరబడి కుదించుకుపోతుందన్న సంగతి ఇంజనీర్లకు ఒంటబట్టింది ఆ అనుభవంతోనే. నేటికీ పెద్ద కమానును నడిమిట్ట దగ్గర జాకీలతో తెరిచి సర్దడం ఆయన ఇచ్చిన విద్యే.

సెంట్రింగ్ తప్పితే ఏమవుతుందో స్వీడన్‌లో తెలిసింది. 1939 ఆగస్టు 31న సాండో వంతెన కడుతుండగా సెంట్రింగ్ కూలి 18 మంది చనిపోయారు. మర్నాడే రెండో ప్రపంచ యుద్ధం మొదలవడంతో లోకం ఆ వార్తను పట్టించుకోలేదు. 264 మీటర్ల ఆ కమానును 1943లో పూర్తి చేశారు. అది ఈ రోజు వరకూ నిలిచే ఉంది.

గ్లేడ్స్‌విల్‌కు వస్తే, అక్కడ కింద ఉన్నది సముద్రపు పాయ. నీళ్లలో దిమ్మెలు దించి సెంట్రింగ్ నిలబెట్టి, ముందే పోసిన బోలు కాంక్రీటు పెట్టెలను దాని మీద వరుసగా పేర్చి ఒక పక్కటెముక పూర్తి చేసేవారు. జాకీలతో దాన్ని లేపి, సెంట్రింగును పక్కకు జరిపి తర్వాతిది కట్టేవారు. అలా నాలుగు. ఈ పద్ధతిని క్వీన్‌స్టన్‌లో ఊహించండి. గండి అడుగున వరద వేగంతో పోయే నది, దాని మీద ఏటా మంచు. అక్కడ ఉక్కు ముక్కలను రెండు వైపుల నుంచీ తీగలతో వెనక్కి లాగిపట్టి, గాలిలోనే బిగించుకుంటూ వచ్చి మధ్యలో కలపడం సాధ్యం. 1962 నాటికి కాంక్రీటుకు ఆ నేర్పు ఇంకా రాలేదు. కనుక కెనడా ఉక్కును ఎంచుకోవడం పిరికితనం అనలేం. ఆ చోటికి, ఆ రోజుకు అది సరైన లెక్కే.

కానీ ఆ లెక్క ఇప్పుడు మారిపోయింది. తాత్కాలిక బురుజులు నిలిపి, వాటి నుంచి వాలుతీగలతో కమాను ముక్కలను పట్టుకుంటూ కాంక్రీటును కూడా గాలిలోనే ముందుకు పోయవచ్చు. అమెరికాలో హూవర్ డ్యామ్ పక్కన కొలరాడో గండి మీద 323 మీటర్ల కమాను ఇలాగే కట్టారు. నది మీద సుమారు 270 మీటర్ల ఎత్తు. 2006లో సామాను మోసే తీగల బురుజులు గాలికి కూలడంతో పని చాలాకాలం ఆగింది. 2009 ఆగస్టులో రెండు సగాలు కలిశాయి, మరుసటి ఏడాది అక్టోబరులో వంతెన తెరిచారు. అక్కడి ఎండకు కాంక్రీటు పగలకుండా ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి పోశారు. చైనా మరో దారి పట్టింది. ఉక్కు గొట్టాల అస్థిపంజరాన్ని ముందు కలిపేసి, గొట్టాల్లో కాంక్రీటు నింపి, ఆ పంజరం చుట్టూ మళ్లీ కాంక్రీటు పోస్తారు. పంతొమ్మిదో శతాబ్దం చివర జోసెఫ్ మెలాన్ వేసిన బాటకు ఇది పొడిగింపు. 1997లో వాన్‌షియన్ దగ్గర 420 మీటర్లు, 2024లో తియాన్‌ఎ లాంగ్‌టాన్ దగ్గర 600 మీటర్లు దాటారు. కట్టలేమన్న మాటకు ఇక ఆస్కారం లేదు.

కట్టేటప్పుడే ప్రాణాలు పోతాయన్న సంగతి కెనడా ఇంజనీర్లకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. 1907 ఆగస్టు 29న క్యుబెక్ వంతెన నిర్మాణంలోనే కూలి 75 మంది చనిపోయారు. 1916లో మధ్య భాగాన్ని పైకి లేపుతుండగా జారి పడి మరో 13 మంది. ఆ దేశంలో పట్టా పుచ్చుకునే ఇంజనీర్లు ఒక ప్రమాణం చేసి చిటికెన వేలికి ఇనుప ఉంగరం తొడుక్కుంటారు. ఆ ఆచారం 1925లో మొదలైంది. అక్కడ చదువుకున్న మన పిల్లలు ఎందరో ఆ ఉంగరం ధరించి ఉన్నారు.

కెనడా కట్టుకున్న కమానులు

టొరంటో ఇంజనీరు ఫ్రాంక్ బార్బర్ 1909లోనే ఎటొబికో వాగు మీద మిడిల్ రోడ్ వంతెన రూపొందించాడు. గోదావరి వంతెనలా తోపును తానే భరించే కాంక్రీటు విల్లు కమానుల్లో కెనడాలో అదే మొదటిది. 1921లో పీటర్‌బరోలో ఒటొనబీ నది మీద ఆయన హంటర్ స్ట్రీట్ వంతెన పూర్తయింది. అలంకారం క్లాడ్ బ్రాగ్డన్ అనే వాస్తుశిల్పిది. ప్రధాన కమాను స్పాన్ 71 మీటర్లు, ఆనాటికి దేశంలోకెల్లా పెద్ద కాంక్రీటు కమాను. కాల్గరీలో 1916 నాటి సెంటర్ స్ట్రీట్ వంతెన బో నదిని కాంక్రీటు కమానుల మీద దాటుతుంది.

సాస్కటూన్ కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. ఆర్థిక మాంద్యం రోజులు, ఊళ్లో పని లేదు. విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ డీన్ సి. జె. మెకెంజీ బ్రాడ్‌వే వంతెన గీశాడు. నిరుద్యోగులకు పని కల్పించే పథకంగా 1931 చివర్లో మొదలుపెట్టి, ప్రెయిరీ చలికాలాన్నీ దాటుకుని 1932 నవంబరు 11న తెరిచారు. ఉక్కు వంతెన అయితే డబ్బు దూరపు కర్మాగారాలకు పోయేది. కాంక్రీటు కమానులో ఖర్చంతా సెంట్రింగ్ వడ్రంగులకు, కంకర మోసేవాళ్లకు, తట్టలెత్తేవాళ్లకు చేరింది. కూలీ ఎక్కువ పట్టడం కాంక్రీటు కమాను లోపమని నేటి అంచనాలు రాస్తాయి. ఆ ఏడాది ఆ ఊరికి అదే కావలసి వచ్చింది. మెకెంజీ తర్వాత యుద్ధకాలంలో కెనడా జాతీయ పరిశోధన మండలిని నడిపాడు.

అదే ఊళ్లో మన్నికకు చక్కని పోలిక ఉంది. 1907 నాటి ఉక్కు ట్రాఫిక్ వంతెనను తుప్పు కారణంగా 2010లో మూసి, 2016లో పడగొట్టారు. దానికి తొమ్మిదేళ్లు చిన్నదైన యూనివర్సిటీ వంతెన కాంక్రీటు కమానుల మీద ఇప్పటికీ బస్సులను మోస్తోంది. ఒక జతతో తీర్పు చెప్పకూడదు, ఆ ఉక్కు వంతెనను గుర్రపుబండ్ల కాలానికి తేలిగ్గా కట్టారు. అయినా ఒకే నది, ఒకే చలి, ఒకే పురపాలక సంఘం.

చలి, ఉప్పు, కంకర

నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది. కాంక్రీటు రంధ్రాల్లోని నీరు ఏటా పదుల సార్లు గడ్డకట్టి కరుగుతుంటే పై పొర పెచ్చులూడుతుంది. 1930లలో అమెరికా రోడ్ల మీద దీనికి మందు దొరికింది: కంటికి కనపడని గాలి బుడగలను కలిపి పోస్తే ఉబ్బే నీటికి చోటు దొరుకుతుంది. ఇప్పుడు కెనడాలో ఆరుబయట కాంక్రీటు అంతా ఇలాంటిదే. పైగా చలిలో పోసేటప్పుడు నీళ్లు, ఇసుక వేడిచేయాలి, పోసిన భాగం చుట్టూ డేరా కట్టి వెచ్చగా ఉంచాలి. గండి మధ్యలో వేలాడే కమాను ముక్కకు డేరా కట్టడం అంటే ఖర్చు. పని జరిగే నెలలు తక్కువ కనుక వాలుతీగలు, బురుజులు మరో ఏడాది అద్దెకు నిలబడాలి. కాంక్రీటు కమాను టెండర్లలో ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

వేసవికీ శీతాకాలానికీ 60 డిగ్రీల తేడా ఉంటే 300 మీటర్ల సాదా దూలం 18 సెంటీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. కమాను చివరలు కదలవు కనుక దాని నడిమిట్ట వేసవిలో లేస్తుంది, చలిలో దిగుతుంది. మందమైన కాంక్రీటు నిదానంగా వేడెక్కుతుంది కాబట్టి అంత తేడానూ అది పూర్తిగా చూడదు. ఇది లెక్కకు లొంగే విషయం.

ఉప్పు అంత తేలిగ్గా లొంగదు. మంచు కరిగించడానికి కెనడా రోడ్ల మీద ఏటా సుమారు 50 లక్షల టన్నుల ఉప్పు చల్లుతారని ఆ దేశ పర్యావరణ శాఖ 2001లో లెక్కగట్టింది. ఉప్పునీరు వాహనాలు నడిచే డెక్‌లోకి, జాయింట్ల గుండా కిందికి దిగి లోపలి కడ్డీలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. 2006 సెప్టెంబరు 30న లావాల్‌లో డె లా కంకోర్డ్ ఫ్లైఓవర్ కూలి ఐదుగురు చనిపోయారు. పియెర్ మార్క్ జాన్సన్ నాయకత్వంలోని విచారణ సంఘం కడ్డీలు తప్పు చోట వేశారని, మందపు స్లాబులో కోతబలానికి కడ్డీలే లేవని, నాసి కాంక్రీటు ఉప్పుకూ చలికీ పాడైందని తేల్చింది. విరిగింది జాయింటు పక్కన, స్లాబును స్లాబు మీద ఆనించిన చోటే. కమాను ఒంట్లో అలాంటి జాయింటు ఉండదు, నొక్కుడులో ఉన్న కాంక్రీటులో పగుళ్లు మూసుకునే ఉంటాయి. పాత కమాను వంతెనల మరమ్మతు జాబితాల్లో మొదట వచ్చేవి డెక్, జాయింట్లు, వాటి కింద తడిసే నిలువు స్తంభాల తలలు. కాల్గరీ సెంటర్ స్ట్రీట్ వంతెనను 1999–2001లో భారీగా బాగుచేసి అవే కమానుల మీద మళ్లీ నడుపుతున్నారు. ఆంటారియోలో రెండేళ్లకోసారి వంతెన తనిఖీ చట్టం. ఆ తనిఖీ కళ్లు కమాను అందం మీద కన్నా ఆ జాయింట్ల కింద ఎక్కువసేపు నిలవాలి.

కమానునే లోపలి నుంచి దెబ్బతీసేది ఒకటుంది: చెడ్డ కంకర. కొన్ని రాళ్లు సిమెంటులోని క్షారంతో చర్య జరిపి ఏళ్ల తరబడి ఉబ్బుతాయి. కాలిఫోర్నియాలో థామస్ స్టాంటన్ 1940లో ఒక రకాన్ని బయటపెట్టాడు. ఆంటారియోలోని కింగ్‌స్టన్ సున్నపురాయిలో మరో రకాన్ని, అప్పటి పరీక్షలకు దొరకనిదాన్ని, స్వెన్సన్ 1957లో చూపాడు. న్యూ బ్రన్స్‌విక్‌లో 1968 నాటి మక్టక్వాక్ ఆనకట్ట ఈ జబ్బుతో ఉబ్బుతూనే ఉంది, రంపాలతో కోతలు పెట్టి ఒత్తిడి తగ్గిస్తూ వస్తున్నారు. రెండు కొండల మధ్య బిగిసిన కమాను ఇలా ఉబ్బితే తోపు పెరుగుతుంది, కోసి వదులు చేసే వీలూ ఉండదు. కంకరకు ఏడాది పట్టే పరీక్ష చేయించకుండా గండి మీద కమాను పోయడం క్షమించరాని తొందర.

స్లాబులో దాగిన కమాను

కెనడా ఈ రంగంలో చేసిన గొప్ప పని ఏ గండి మీదా కనబడదు. మామూలు దూలాల వంతెన మీద స్లాబు లారీ చక్రం కింద వంగుతుందని అందరూ లెక్కలు వేసేవారు. నిజానికి పక్కల బిగింపు ఉంటే ఆ స్లాబు తన మందంలోనే చిన్న కమానుగా మారి బరువును పక్క దూలాలకు తోస్తుందని ఆంటారియోలో పరీక్షించి తేల్చారు. 1979 ఆంటారియో వంతెన నియమావళి ఆ ఆధారంతో స్లాబులో కడ్డీలు బాగా తగ్గించుకోనిచ్చింది. బైదర్ బఖ్త్, ఆఫ్తాబ్ ముఫ్తీ వంటివారు ఆ ఆలోచనను చివరిదాకా తీసుకెళ్లారు. 1995లో నోవా స్కోషియాలో సాల్మన్ రివర్ వంతెన స్లాబులో ఇనుప కడ్డీలే వేయలేదు, దూలాలను అడ్డంగా పట్టీలతో కట్టేశారు. లోపల ఇనుము లేని స్లాబును ఉప్పు ఏం చేయగలదు? కమాను సూత్రాన్ని ఇంతకన్నా ఉపయోగంగా వాడిన ఉదాహరణ నాకు తెలియదు.

పదార్థంలోనూ ఆ దేశం వెనకబడలేదు. 1950లో క్యుబెక్‌లోని అర్విడా దగ్గర సాగెనే నది పాయ మీద పూర్తిగా అల్యూమినియంతో కమాను వంతెన కట్టారు. కాంక్రీటుకు వస్తే, 1997లో షెర్‌బ్రూక్‌లో మగోగ్ నది మీద 60 మీటర్ల కాలినడక వంతెన 200 మెగాపాస్కల్ బలం ఉన్న, సన్నటి పొడులతో చేసిన కాంక్రీటుతో లేచింది. దాని డెక్ మందం 30 మిల్లీమీటర్లు. ప్రపంచంలో ఆ తరహా కాంక్రీటుతో కట్టిన తొలి నిర్మాణం అది. మామూలు కాంక్రీటుకు నాలుగైదు రెట్ల బలం, రంధ్రాలు దాదాపు లేవు, కాబట్టి ఉప్పునీరు దూరదు. ఆ ఊరి విశ్వవిద్యాలయంలోనే బ్రహీం బెన్‌మొక్రాన్ బృందం గాజుపీచు కడ్డీలను వంతెన స్లాబులకు పనికొచ్చేలా తీర్చిదిద్దింది. అవి తుప్పు పట్టవు.

ఈ రెంటినీ గండి కమానుకు తెచ్చి చూస్తే అంచనా తారుమారవుతుంది. పక్కటెముకలు పలచనైతే గాలిలో వేలాడే ముక్క బరువు తగ్గుతుంది, తాత్కాలిక తీగలు సన్నబడతాయి. ముక్కలను వెచ్చని షెడ్డులో పోసి తెస్తే చలికాలం పని ఆగదు. పలచని కమానులో సొంత బరువు తగ్గేసరికి లారీల వాటా పెరిగి, వంగి నలిగే ప్రమాదం కూడా పెరుగుతుంది, కనుక బోలు పెట్టె ఆకారం తప్పదు. కెనడా వంతెన నియమావళి 75 ఏళ్ల ఆయువు అడుగుతుంది. 1997లో తెరిచిన 12.9 కిలోమీటర్ల కాన్ఫెడరేషన్ వంతెనకు 100 ఏళ్లు అడిగారు. గట్టి రాయి రెండు గట్లా ఉండి, స్పాన్ 100 నుంచి 300 మీటర్ల మధ్య పడే గండి ఎదురైనప్పుడు, మొదటి రోజు ధరతో పాటు వందేళ్ల రంగులు, మరమ్మతులు, డెక్ మార్పిళ్లు కూడా కలిపి రెండు పదార్థాలకూ టెండరు పిలవాలి. ఉక్కు గెలిస్తే గెలవనివ్వండి. ఇప్పటిదాకా చాలా చోట్ల ఆ పోటీయే సరిగా జరగలేదు.